ఎస్ప్రెస్సో, వోల్టేజీ, మా నాయన

ఎస్ప్రెస్సో అంటే మా వైపు ఇప్పటికీ పెళ్ళిలో దొరికే కాఫీయే. షామియానా చివర, ఐస్‌క్రీమ్ పక్కన, పెద్ద స్టీలు మెషీను ఒకటి పెట్టుకుని ఒకతను నిలబడి ఉంటాడు. పాలలో ఇన్‌స్టంట్ కాఫీ పొడి, చక్కెర వేసి ఆవిరి గొట్టం ముంచుతాడు. బుస్సుమని చప్పుడు. పైన బోలెడంత నురగ, నురగ మీద చిటికెడు కోకో పొడి. పెళ్ళికొడుకు ఎవరో తెలియనివాళ్ళు కూడా ఆ క్యూలో నిలబడతారు. ఇటలీ వాళ్ళు ఎస్ప్రెస్సో అనే పదార్థం అందులో ఏ కోశానా లేదు గానీ, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. మాఘమాసం పెళ్ళిలో రాత్రి పదకొండింటికి అది అమృతం.

నేను రాయబోయేది మాత్రం ఆ ఇటలీ రకం గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఇంట్లో పెట్టుకునే చిన్న ఎస్ప్రెస్సో మెషీన్లలో నీళ్ళ వేడి నిలకడగా ఉండటం గురించి. అది కూడా గడివేములలో. తెలియనివాళ్ళకి: నంద్యాల జిల్లాలో మండల కేంద్రం, 2022 దాకా కర్నూలు జిల్లా. నల్లరేగడి నేల, శనగ పంట, ఎండాకాలంలో 45 డిగ్రీలు. ఇంత చిన్న సంగతికి ఇంత పొడుగు టపానా అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, ఏమీ అనుకోను :)

నేను 2020లో అందరిలాగే లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని ఊరికొచ్చినవాణ్ణి. తర్వాత ఆఫీసు వాళ్ళు రమ్మన్నా సగమే వెళ్ళాను. నెలలో రెండు వారాలు బెంగళూరు, రెండు వారాలు గడివేముల. అట్లా ఉండగా మా నాయనకి షుగరు ఉందని తేలింది. డాక్టరు చక్కెర మానెయ్యమన్నాడు. ఆయన ఆ పూటే మానేశాడు, అదో రకం మనిషి. కానీ మర్నాడు పొద్దున చక్కెర లేని ఫిల్టరు కాఫీ రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు. అమ్మ నలభై ఏళ్ళుగా పెడుతున్నది అదే పొడి, అదే ఫిల్టరు, అదే కొలత. "ఇన్నేండ్లు నేను తాగింది కాఫీ కాదు రా, చక్కెర" అన్నాడు. అంతటితో కాఫీ కూడా మానేశాడు.

కాఫీ మానేస్తే ఏం పోయింది అంటారా? మా ఇంట్లో పొద్దున ఆ అరగంట పోయింది. పాలు పితికి వచ్చి, అరుగు మీద గ్లాసు పట్టుకుని కూర్చుని, శనగ ధర దగ్గర్నుంచి ఎవరింట్లో ఏం జరిగిందో దాకా మాట్లాడేది ఆ అరగంటలోనే. గ్లాసు లేకపోయేసరికి అరుగు మీద కూర్చోవడమూ తగ్గింది. ఆయనకి లేదని అమ్మ తనొక్కదానికి కూడా పెట్టుకోవడం మానేసింది. ఇద్దరూ పెద్దగా బాధపడినట్టు కనిపించలేదు గానీ ఇల్లు పొద్దునపూట నిశ్శబ్దంగా అయిపోయింది.

చక్కెర చేసే పని తియ్యదనం ఇవ్వడం ఒక్కటే కాదు. చేదునీ పులుపునీ కప్పేస్తుంది. మార్కెట్లో దొరికే కాఫీ పొడుల్లో చికోరీ 49 శాతం దాకా కలపొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. దానికి తోడు బాగా నల్లగా వేయించిన గింజలు. ఆ వ్యవహారమంతా చక్కెర ఉంటుందన్న ధైర్యం మీద నడుస్తుంది. చక్కెర తీసేశారంటే గోడకి సున్నం గీకేసినట్టు, పగుళ్ళన్నీ బయటపడతాయి.

బెంగళూరులో నా దగ్గర ఒక చిన్న ఎస్ప్రెస్సో మెషీను ఉండేది. దాన్ని ఊరికి తెచ్చాను. కంపెనీ పేరు చెప్పను, అది ఇక్కడ ముఖ్యం కాదు. అరకు అరబికా గింజలు (2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది చూడండి, అవే), మరీ నల్లగా కాకుండా మధ్యస్థంగా వేయించినవి. ఎస్ప్రెస్సో తీసి, కొంచెం గేదె పాలు కలిపి ఇచ్చాను. గ్లాసు ఖాళీ చేసి నా వైపు అనుమానంగా చూశాడు. "చక్కెర ఏసినావా?"

లేదన్నా.

"అయితే ఇది బాగుండాది రా."

మర్నాడు అదే ప్యాకెట్లో గింజలు, అదే కొలత, అదే చెయ్యి. ఒక గుక్క తాగి, "నిన్న మాదిరి లేదు" అన్నాడు. ఆ మరుసటి రోజు బాగుందన్నాడు. తర్వాతి రోజు మళ్ళీ ముఖం చిట్లించాడు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఈ మాట వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ప్రతిసారీ వచ్చే బగ్గుతో భయం లేదు, కూర్చుంటే దొరుకుతుంది. ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా పోయేదే ప్రాణం తీస్తుంది. వేడి నిలకడ గురించి నా వాదన కూడా ఇదే. ఎస్ప్రెస్సోకి సరైన ఉష్ణోగ్రత ఎంత అని జనం తెగ కొట్టుకుంటారు. 92 అని ఒకరు, 94 అని ఒకరు. నా మట్టుకు నాకు అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, నిన్నటి వేడి ఈ రోజు వచ్చిందా లేదా అన్నది. నిన్నటిది రాకపోతే గింజలు మార్చినా, మర సన్నం చేసినా, దేని వల్ల ఏమైందో చెప్పడం కుదరదు. చీకట్లో రాళ్ళు వేయడమే.

మిగతావన్నీ కట్టేసి ఉంచాను. పొడి 18 గ్రాములు, కప్పులోకి దిగేది 36 గ్రాములు, టైము 27 సెకన్ల చుట్టూ. మిగిలింది నీళ్ళ వేడి.

మరి అమ్మ ఫిల్టరుకి లేని బాధ దీనికెందుకు? ఫిల్టరులో మరిగే నీళ్ళు పోసి మూత పెట్టి వదిలేస్తాం. పదిహేను ఇరవై నిమిషాలు చుక్క చుక్కగా దిగుతుంది. అంతసేపట్లో నీళ్ళు చల్లారుతూనే ఉన్నా, పొడిలో ఉన్నది రావాల్సినంతా వచ్చేస్తుంది. టైము తప్పుల్ని సర్దేస్తుంది. ఎస్ప్రెస్సోలో ఆ వెసులుబాటు లేదు. సన్నటి పొడిని గట్టిగా అదిమి, దాని గుండా తొమ్మిది బార్ల ఒత్తిడితో నీళ్ళు తోస్తారు. పాతిక ముప్ఫై సెకన్లలో కథ అయిపోవాలి. నీళ్ళు చల్లగా ఉంటే ముందు కరిగే పులుపు కప్పులోకి వచ్చేస్తుంది, దాన్ని సరిదిద్దే తియ్యదనం, బరువు వెనకబడిపోతాయి. మరీ వేడిగా ఉంటే మాడు చేదు. బరిస్టాల ప్రపంచ పోటీల్లో నీళ్ళు 90.5 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండాలని నియమం. ఒక డిగ్రీ తేడా నాలుకకి తెలుస్తుందా అంటే, నాకు రెండు డిగ్రీలు తెలుస్తాయి. ఒక డిగ్రీ మీద పందెం కాయను. పదో వంతు డిగ్రీ తెలుస్తుందని రాసేవాళ్ళకి దూరం నుంచే దండం.

ఈ నిలకడ తేవడానికి లోకంలో రెండు దారులున్నాయి. ఒకటి బరువు, రెండోది తెలివి.

బరువు దారిలో పెద్ద పేరు ఫేమా ఈ-61. 1961లో ఇటలీలో వచ్చింది, ఆ ఏడాది సూర్యగ్రహణం వచ్చిందని ఆ పేరు పెట్టారంటారు. అంతకుముందు 1940ల చివర్లో గాజ్జియా లివర్ మెషీను, చేత్తో స్ప్రింగు లాగాల్సిన పని. ఈ-61 దాని బదులు మోటారు పంపు పెట్టింది. నాకు నచ్చేది పంపు కాదు, దాని మూతి. కాఫీ పొడి బిగించే ఆ మూతి సుమారు నాలుగు కిలోల ఇత్తడి ముద్ద. రెండు గొట్టాలతో దాని లోపల వేడినీళ్ళు వాటంతట అవే తిరుగుతూ ఉంటాయి. వేడెక్కిన నీళ్ళు పైకి, చల్లారినవి కిందికి, అంతే, మోటారు అక్కర్లేదు. నాలుగు కిలోల ఇత్తడి ఒకసారి వేడెక్కిందంటే అరకప్పు నీళ్ళు దాన్ని కదిలించలేవు. దోసె పెనం మందంగా ఉండాలని మన ఆడవాళ్ళు పట్టుబట్టేది ఇందుకే. పల్చటి పెనం మీద మొదటి దోసె మాడుతుంది, రెండోది అంటుకుంటుంది.

ఇంట్లో పెట్టుకునే చిన్న మెషీన్లకి ఆ బరువు ఉండదు. బాయిలరు వంద మిల్లీలీటర్లు ఉండేవి ఉన్నాయి, మూడు వందలు ఉండేవి ఉన్నాయి. పాతవాటిలో వేడిని చూసుకునేది బిళ్ళ థర్మోస్టాట్. రెండు లోహాల బిళ్ళ, వేడెక్కితే టక్కున వంగి కరెంటు ఆపుతుంది, చల్లారితే మళ్ళీ కలుపుతుంది. ఆపే చోటుకీ కలిపే చోటుకీ మధ్య పది పదిహేను డిగ్రీల తేడా మామూలే. అంటే మీరు మీట నొక్కిన క్షణంలో బాయిలరు ఆ ఊపులో ఎక్కడైనా ఉండొచ్చు. 1997లో వచ్చిన రాన్సిలియో సిల్వియా లాంటి మంచి మెషీను ఉన్నవాళ్ళు కూడా లైటు ఆరాక ఇన్ని సెకన్లు లెక్కపెట్టి మీట నొక్కడం అలవాటు చేసుకున్నారు. అలల మీద తేలినట్టు వేడి మీద తేలడం అన్నమాట. బాగానే పనిచేస్తుంది. మా నాయన కూడా నేర్చుకున్నాడు, లైటు ఆరగానే ఇరవై లెక్కపెట్టేవాడు.

2000ల మొదట్లో అమెరికాలో కొందరు కాఫీ పిచ్చోళ్ళు ఆ బిళ్ళ పీకేసి ఫ్యాక్టరీల్లో కొలిమిలకి పెట్టే పీఐడీ కంట్రోలర్లు తగిలించారు. తెలివి దారి ఇది. సియాటిల్‌లో డేవిడ్ షోమర్ అనే కాఫీ షాపు ఆయన అప్పటికే పెద్ద మెషీన్లలో వేడి నిలకడ గురించి ఏళ్ళ తరబడి పోరాడుతున్నాడు. పీఐడీ మాత్రం కాఫీ కోసం పుట్టింది కాదు. 1922లో మినోర్‌స్కీ అనే ఆయన ఓడల చుక్కాని తిప్పే మనుషుల్ని గమనించి దాని గణితం రాశాడు.

గణితం వద్దు గానీ, కట్టెల పొయ్యి మీద మా అవ్వ పాలు కాచేది గుర్తు తెచ్చుకుంటే చాలు. పాలు చల్లగా ఉన్నప్పుడు మంట పెద్దది, కాగేకొద్దీ చిన్నది. అది మొదటి అక్షరం. ఎంతసేపైనా కాగడం లేదంటే ఇంకో పుల్ల తోసేది. అది రెండోది. పాలు పైకి లేవడం మొదలవగానే, పొంగకముందే, కట్టె వెనక్కి లాగేది. అది మూడోది. బిళ్ళ థర్మోస్టాట్ అంటే పాలు పొంగాక కట్టె లాగి, చల్లారాక మళ్ళీ తోసే కొత్త కోడలు.

సరే, పుస్తకాల ప్రకారం చూస్తే నా మెషీనుకి పీఐడీ పెడితే కథ కంచికి. కానీ రోజు మార్చి రోజు పుల్లగా ఎందుకొస్తోంది? థర్మోస్టాట్ ఊపు అయితే ఇంత క్రమంగా రాదు కదా.

దాన్ని పట్టుకున్నది మా నాయన. పాల కేంద్రంలో ఏళ్ళ తరబడి పాలు పోసిన మనిషి. వెన్న శాతంలో పాయింటు తేడాకి డబ్బులు తేడా వస్తాయి కాబట్టి కొలత అంటే ఆయనకి గౌరవం, రాసిపెట్టుకోవడం అంటే ఇంకా గౌరవం. పాల లెక్కల పుస్తకంలోనే వెనక పేజీ నుంచి కాఫీ లెక్క మొదలుపెట్టాడు. తేదీ, పక్కన ఒక మాట. బాగుంది. పుల్లగ. బాగుంది. పుల్లగ. రెండు వారాలయ్యాక ఒక రోజు అరుగు మీద నుంచి కేకేశాడు. "రేయ్, నీళ్ళు ఇడిసిన దినమే పుల్లగుంటాది రా."

మా వీధికి కొళాయి నీళ్ళు రోజు మార్చి రోజు వదులుతారు. వదిలిన రోజు పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా వీధిలో ప్రతి ఇంట్లోనూ మోటారు మోగుతుంది, తొట్టిలో నీళ్ళు మిద్దె మీది ట్యాంకుకి ఎక్కించుకోవాలి కాబట్టి. మా ఇల్లు కరెంటు లైను చివర్న ఉంది. ఆయన పాలు పితికి వచ్చి కాఫీ అడిగేది సరిగ్గా అప్పుడే.

ప్లగ్గులో గుచ్చే చిన్న వోల్టు మీటరు తెచ్చి పెట్టాను. నీళ్ళు రాని రోజు పొద్దున 225. నీళ్ళు వచ్చిన రోజు 180, 185.

ఇక్కడ చిన్న లెక్క ఉంది, ఇదే ఈ టపాకి గుండెకాయ, కాబట్టి ఓపిక పట్టండి. ఒక షాట్ తీసేటప్పుడు కప్పులోకి దిగేవి, పొడి పీల్చుకునేవి కలిపి దాదాపు 60 మిల్లీలీటర్ల నీళ్ళు బాయిలరు నుంచి పోతాయి. వాటి స్థానంలో ట్యాంకులోని చల్లనీళ్ళు వస్తాయి. నా బాయిలరు వంద మిల్లీలీటర్ల పైన కొంచెం, అంటే సగానికి పైగా కొత్త నీళ్ళు. 25 డిగ్రీల నీళ్ళని 93కి తేవాలంటే 17 కిలోజౌళ్ళు కావాలి. నా హీటరు వెయ్యి వాట్లు. 25 సెకన్లలో అది ఇచ్చేది 25 కిలోజౌళ్ళు. బానే సరిపోతుంది. కానీ ఆ వెయ్యి వాట్లు 230 వోల్టుల దగ్గర. హీటరు ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 180 వోల్టులంటే వోల్టేజీ తగ్గింది ఐదో వంతే, వేడి తగ్గింది మాత్రం దాదాపు 40 శాతం. వెయ్యి కాస్తా 612 అయింది. 25 సెకన్లలో 15 కిలోజౌళ్ళు. కావాల్సింది 17. లోహంలోంచి వేడి నీళ్ళకి చేరే ఆలస్యం, గాలికి పోయేది ఇవన్నీ ఇంకా కలపలేదు. అంటే షాట్ మొదలైన దగ్గర్నుంచి హీటరు పూర్తిగా మండినా నీళ్ళ వేడి జారుతూనే ఉంటుంది. పైగా చిన్న మెషీన్లలో ఉండే కంపన పంపుకి కూడా వోల్టేజీ తగ్గితే ఊపు తగ్గుతుంది. అదన్నమాట పులుపు.

ఇటలీ వాడు ఈ లెక్క వేసి ఉండడు. వేయాల్సిన అవసరం వాడికి లేదు. ఇంటి మెషీన్ల గురించి ఇంగ్లీషులో ఉన్న పాఠాలన్నీ ప్లగ్గులో కరెంటు స్థిరంగా ఉంటుందన్న నమ్మకంతో మొదలవుతాయి. ఆ నమ్మకం ఎంత లోతుగా ఉంటుందంటే, దాన్ని ఎవరూ రాయను కూడా రాయరు. తమాషా ఏమిటంటే మా మండలంలోనే గని దగ్గర మొదలై పక్కన ఓర్వకల్లు మండలం శకునాల దాకా వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. 2017లో పూర్తయినప్పుడు ఒకేచోట ఉన్నవాటిలో ప్రపంచంలోనే పెద్దదని చెప్పుకున్నారు. ఆ కరెంటు పెద్ద లైన్లెక్కి ఎక్కడికో వెళ్తుంది, వెళ్ళాల్సిందే, అది తప్పు కాదు. మా వీధి సన్నటి తీగకీ దానికీ సంబంధం లేదు. అయినా గని మీదుగా పోయినప్పుడల్లా ఆ పలకలన్నీ చూస్తే ఒక వెయ్యి వాట్లు అడగబుద్దవుతుంది.

మరి పీఐడీ పెడితే? ఇక్కడే తెలివి దారికి హద్దు కనిపిస్తుంది. కంట్రోలరు వేడి తగ్గిందని గమనిస్తుంది, హీటరుని నూటికి నూరుపాళ్ళూ వేస్తుంది. అంతకుమించి దాని చేతిలో ఏమీ లేదు. నూటికి నూరు అన్నదే 612 వాట్లయితే ఎంత తెలివైన కంట్రోలరైనా చేతులు ముడుచుకుని కూర్చోవాలి. అవ్వకి పాల సంగతి ఎంత తెలిసినా పొయ్యిలో తడి కట్టెలుంటే ఏం చేస్తుంది?

అందుకని ముందు కొన్నది స్టెబిలైజరు. రెండు కేవీఏది, రిలేలతో మెట్లు మెట్లుగా సర్దే రకం, నాలుగు వేల చిల్లర. అది ఇచ్చేది కచ్చితంగా 230 కాదు, 215 ఒకసారి, 235 ఒకసారి. పర్వాలేదు. 215 దగ్గర కూడా హీటరు 870 వాట్లు ఇస్తుంది, లెక్క తేలిగ్గా సరిపోతుంది. నాయన పుస్తకంలో 'పుల్లగ' అన్న మాట ఆ వారంలోనే తగ్గిపోయింది. ఆ తర్వాత పీఐడీ. కంట్రోలరు, రిలే, వేడి కొలిచే తీగ కలిపి రెండు వేల లోపు. మిగిలిన చిన్న ఊపు కూడా పోయింది, ఇరవై లెక్కపెట్టే పనీ పోయింది. ఆయనకి అది కొంచెం వెలితిగానే ఉన్నట్టుంది, ఇప్పటికీ లైటు వంక చూస్తాడు.

ఈ వరస ముఖ్యం. ముందు వోల్టేజీ, తర్వాత కంట్రోలరు. పల్లెల్లో ఉన్నవాళ్ళు, లైను చివర ఇళ్ళవాళ్ళు, మెషీను కొనేముందు మూడొందలు పెట్టి వోల్టు మీటరు కొని ఒక వారం రాసుకోండి. ఇంకో మాట. ఇంట్లో ఎర్తింగు సరిగ్గా లేకుండా నీళ్ళూ కరెంటూ కలిసే ఈ మెషీన్లని ముట్టుకోవద్దు. మా ఇంట్లో మూడో పిన్ను గోడలోకి వెళ్ళి ఎక్కడా చేరలేదని అప్పుడే తెలిసింది. పెరట్లో గొయ్యి తవ్వించి, రాగి పలక పెట్టి, బొగ్గూ ఉప్పూ పోయించాకే పీఐడీకి స్క్రూడ్రైవరు పట్టాను. అది కూడా ఎలక్ట్రీషియనుని పక్కన కూర్చోబెట్టుకుని.

లక్ష దాటిన రెండు బాయిలర్ల మెషీను కొనొచ్చు కదా అని బెంగళూరు మిత్రులు అంటుంటారు. 1970లలోనే లా మార్జొక్కో వాళ్ళు కాఫీకి ఒక బాయిలరు, ఆవిరికి ఒకటి పెట్టి దారి చూపించారు, గొప్ప సంగతే. కానీ ఇత్తడి బరువు మీద నడిచే మెషీను పూర్తిగా వేడెక్కడానికి అరగంట పైనే కావాలి. మధ్యలో పది నిమిషాలు కరెంటు పోతే మళ్ళీ కాసేపు ఆగాలి. ఇంటి ఇన్వర్టరు వెయ్యి వాట్ల హీటరుని మోయలేదు. మా ఊరికి తేలిగ్గా ఉండి, పది నిమిషాల్లో వేడెక్కే మెషీనే నయం. కరెంటు మరీ అధ్వాన్నంగా ఉన్నచోట అసలు కరెంటే అక్కర్లేని చేతి లివర్ మెషీన్లు ఇంకా నయం. గ్యాసు మీద మరిగిన నీళ్ళు పోసి, ముందు ఒకసారి ఉత్త నీళ్ళతో లోహాన్ని వేడి చేసుకుని, చేత్తో నొక్కడమే. మరిగే నీళ్ళ వేడి ఏ కంట్రోలరూ లేకుండా రోజూ ఒకటే.

ఇక నీళ్ళు. మా మండలం కింద సున్నపురాయి పరుచుకుని ఉంది. బిలకలగూడూరులో సిమెంటు ఫ్యాక్టరీ ఉన్నది అందుకే. బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది, ఈ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ పొర బాయిలరు లోపల కడితే అది గొంగడి కప్పినట్టే. వేడి నీళ్ళకి ఆలస్యంగా చేరుతుంది, గొట్టాలు సన్నబడతాయి, పీఐడీకి సర్దిన అంకెలు మెల్లమెల్లగా పనికిరాకుండా పోతాయి. ఇది ఒక రోజులో తెలిసే మార్పు కాదు. ఆరు నెలల్లో రుచి ఎటో జరిగిపోతుంది, ఎవరూ గమనించరు. పోనీ ఉత్త ఆర్ఓ క్యాను నీళ్ళే పోద్దామంటే మరీ ఖాళీ నీళ్ళలో కాఫీ చప్పగా ఉంటుంది, లోహానికి కూడా మంచిది కాదు. మేము ఆర్ఓ నీళ్ళలో కొంచెం బోరు నీళ్ళు కలిపి, టీడీఎస్ మీటరు మీద 120 దగ్గరకి తెచ్చుకుంటాం. ఆ మీటరు కూడా నాయన చేతిలోనే. ఊళ్ళో ఆర్ఓ ప్లాంటు నీళ్ళు కొలిచి చెప్పమని పక్కింటివాళ్ళు వస్తుంటే ఆయనకి కొంచెం గర్వం కూడా.

ఎండాకాలం సంగతి చెప్పనే లేదు. ఏప్రిల్, మే నెలల్లో మెషీను ట్యాంకులో నీళ్ళు 38 డిగ్రీలు ఉంటాయి. అప్పుడు 93కి తేవడానికి 14 కిలోజౌళ్ళు చాలు. అంటే స్టెబిలైజరు లేకపోయినా, 180 వోల్టుల దగ్గర కూడా బొటాబొటిగా గట్టెక్కుతుంది. మనుషులకి నరకంలా ఉండే రెండు నెలలు ఎస్ప్రెస్సో మెషీనుకి స్వర్గం. ఆ రెండు నెలల్లో వచ్చి చూసినవాడికి మా ఊళ్ళో వోల్టేజీ సమస్యే కనిపించదు. నాయన పుస్తకంలో నీళ్ళ వేడికి ఒక గడి చేర్చింది ఆ తర్వాతే.

తెర మీద కనిపించే అంకె గురించి కూడా ఒక మాట. పీఐడీ చూపించేది బాయిలరు ఒంటి మీద వేడి. కాఫీ పొడిని తాకే నీళ్ళ వేడి కాదు. మధ్యలో గొట్టం, మూతి, పిడి ఉన్న ఇత్తడి గరిటె, అన్నీ తలా కొంచెం తినేస్తాయి. నా మెషీనులో తెర మీద 104 ఉంటే పొడి మీద 93 వస్తుంది. సన్నటి తీగని బుట్టలోకి దూర్చి కొలిచాను. అందుకే తెర మీద 93 పెట్టుకుని మా మెషీను కచ్చితంగా 93 అని మురిసేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. గరిటెని ముందే బిగించి పది నిమిషాలు వేడెక్కనివ్వకపోతే మొదటి కప్పుకి ఆ 93 కూడా రాదు. ఇదొక్కటి చేస్తే పైసా ఖర్చు లేకుండా సగం నిలకడ వచ్చేస్తుంది, కానీ ఉచితంగా వచ్చేదాని గురించి ఎవరూ వీడియోలు చేయరు.

అమ్మ మాత్రం ఫిల్టరు వదల్లేదు. మెషీను చప్పుడుకి గేదె బెదురుతుందని ఆవిడ ఫిర్యాదు. తన కాఫీ తను పెట్టుకుని, ఒక చెంచా చక్కెర వేసుకుని, ఆరున్నర దాటాక అరుగు మీదకి వస్తుంది. ఆయన గ్లాసు ఆయనది, ఈవిడ గ్లాసు ఈవిడది. శనగ ధర మళ్ళీ చర్చకి వస్తోంది.

నేను బెంగళూరులో ఉన్న వారాల్లో నాయన పుస్తకం పేజీ ఫోటో తీసి పంపుతాడు. ఇప్పుడు మా ఇద్దరికీ గొడవ తెర మీద 103 ఉండాలా 104 ఉండాలా అన్నదాని గురించి. ఆయన 104 అంటాడు, పాలు కలిపినా కాఫీ నిలబడుతుందని. నాకు 103 దగ్గర గింజల వాసన బాగా తెలుస్తుంది. నేను బస్సెక్కగానే 104 చేస్తాడు, నేను తిరిగొచ్చి చెప్పకుండా 103 చేస్తాను. పోయిన నెల వచ్చినప్పుడు చూశాను, 104 ఉంది. అట్లే వదిలేసి నా కాఫీ కలుపుకున్నాను.